కిటికీ పక్క మంచం

డాక్టర్ కామేశం గారిని సూటిగా ఓ ప్రశ్న అడిగితే సూటిగా జవాబు రాదు, కథ వస్తుంది. కిడ్నీ వార్డులో పని నేర్చుకునే వాళ్లందరికీ అది అలవాటే. ఆ మధ్యాహ్నం శిష్యురాలు ప్రసూనకి మాత్రం కథ వినే ఓపిక లేదు. టైలరు గంగరాజుకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికొచ్చి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవడమా, కడుపులోకి గొట్టం వేయించుకుని ఇంట్లోనే రోజుకి నాలుగుసార్లు సంచుల్లో మందునీళ్లు ఎక్కించి దించుకోవడమా? ఇంటి పద్ధతే మేలని ఆమె తేల్చేసింది, రేపే ఆపరేషన్. గురువుగారు ఔనంటే చాలు.

ఆయన ఔననలేదు. ఆసుపత్రిలో మిషన్లు మూడే ఉన్న రోజుల్లోకి వెళ్లిపోయారు. ఎంత మంచి రోజులవి! మూడు మంచాలూ ఒకే గదిలో ఉండేవి. కిటికీ పక్క మంచం మంగతాయారుది. గోదావరి లంకలోంచి పడవ దాటి, బస్సెక్కి వచ్చేది. సూది గుచ్చేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేది. ఆ తర్వాత నాలుగ్గంటలూ ఊరి కబుర్లన్నీ చెప్పి గదిని నవ్వించేది. బీపీ పడిపోయి కాళ్లు పీక్కుపోతున్నా ఆ నోరు ఆగేది కాదు. ఆ గొంతు గుర్తొస్తే కామేశం గారికి ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఓ ఏడు వరదొచ్చి పడవలు ఆగిపోయి, ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. ఇక లాభం లేదని ఆయన ఇంటి పద్ధతికి మార్చేశారు. మొగుడు సరేనన్నాడు, సంతకం పెట్టాడు, చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి అన్నీ బుద్ధిగా నేర్చుకున్నాడు. ఓ మనిషిని ఒడ్డున పడేశానని ఈయన పొంగిపోయారు.

మూడు నెలలకి మంగతాయారు వచ్చింది. రిపోర్టులు బ్రహ్మాండంగా ఉన్నాయి, మనిషే నీరుగారిపోయింది. మళ్లీ మిషనే పెట్టమంది. ఆయనకి ఒళ్లు మండి వరద సంగతి గుర్తుచేశారు. ఆవిడ అంతా విని, మెల్లిగా చెప్పుకొచ్చింది. నీళ్లు మార్చినప్పుడల్లా దుమ్ము రాకుండా ఫ్యాను ఆపి తలుపేస్తారట. తలుపవతల కూర్చుని మనవరాలు పిలుస్తూనే ఉంటుందట. గదినిండా మందునీళ్ల సంచుల అట్టపెట్టెలేనట. తనని వంటింట్లోకి ఎవరూ రానివ్వడం లేదట.

"జబ్బు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇల్లు నాదిగా ఉండేదండి," అంది.

మళ్లీ మిషనే పెట్టారు. వరదల నెలల్లో ఇవతలి ఒడ్డున చెల్లెలింట్లో ఉండేది. ఇంకో ఆరేళ్లు ఆ గదిని నవ్వించింది. ఇప్పుడు ఆ మంచమూ లేదు, ఆ గదీ లేదు.

"అయితే మిషనే మేలంటారా సార్?" ప్రసూన ఉండబట్టలేక అడిగింది.

తానలా అనలేదన్నారాయన. మిషన్ మానేసి ఇంట్లో సంచులతో హాయిగా బతికినవాళ్లని పేర్లతో సహా ఓ పదిమందిని చెప్పారు. చెప్పి, రేపటి ఆపరేషన్ కాయితం మీద సంతకం ఎవరిదని అడిగారు.

గంగరాజు పెద్దకొడుకుదని చెప్పింది ప్రసూన. అన్నీ అతనే దగ్గరుండి చూసుకుంటానన్నాడంది.



"మరి గొట్టం ఎవరికి వేస్తున్నామమ్మా?" అన్నారు కామేశం గారు.