కవరు తియ్యని ఫిల్టరు

గాలిని అందరూ పీలుస్తారు. వడగట్టి పీల్చాలన్న తెలివి మాత్రం తమ ఇంటికే దక్కిందని అంకమరావు నమ్మకం. మిల్లులకీ, పెద్ద పెద్ద బిల్డింగులకీ గాలి ఫిల్టర్లు చేసే షెడ్డు అతనిది. పనివాళ్ళంటే తమ్ముడు వీరాస్వామి, భార్య శేషారత్నం, అంతే. ముగ్గురిలో ఎవరికి బుర్ర ఎక్కువో ఇంతవరకూ తేలలేదు. తేల్చడానికి కూర్చున్నప్పుడల్లా పొయ్యి మీద అన్నం మాడిపోయేది.

ఒకరోజు కారం మిల్లు మస్తానయ్య గారు పిలిపించారు. "రేపు తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు. గాల్లో కారం కనబడితే మిల్లుకి తాళం వేస్తాడు. అదే జరిగితే నీ షెడ్డూ మూసుకోవాల్సిందే, నీ చేత ఇంకెవరు చేయించుకుంటారు?"

అంకమరావు షెడ్డుకి పరుగెత్తాడు. షెడ్డు పోతే మళ్ళీ మామగారి కొట్లో గోనెసంచులు దులపాలి. చచ్చినా ఆ బతుకు వద్దు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ పోయి ఫిల్టరు బిగించారు. ఫ్యాను దుమ్ముగాలిని లాగుతుంది, తెల్లబట్ట దుమ్మును ఆపుతుంది, మంచి గాలి ఇవతలికొస్తుంది. స్విచ్చి వేశారు. మిల్లంతా కారం ఎర్రగా కమ్మేసింది.

"ఫిల్టరుకి ప్లాస్టిక్ కవరు తియ్యలేదేంటయ్యా?" అన్నారు మస్తానయ్య తుమ్ముతూ.

"తీస్తే మాసిపోదా అండీ?" అంది శేషారత్నం. "మా టీవీకి కొన్ననాటి నుంచీ తియ్యలేదు. బొమ్మ కనబడదు గానీ, కొత్తగానే ఉంది."

"ఆ కవరు తీసి తగలెయ్యండమ్మా."

ఇంకేముంది, వీరాస్వామి కవరు తీశాడు, మిల్లు మధ్యలో పెట్టి అగ్గిపుల్ల గీశాడు. పక్కనున్న మిరపకాయల గోతాం కూడా అంటుకుంది. మంట ఆర్పేలోపు కూలీలంతా దగ్గుతూ దొడ్డిదారిన పరుగెత్తారు.

"ఈ పొగంతా బయటికి తోలెయ్యి నాయనా," అని దణ్ణం పెట్టారు మస్తానయ్య.

అంకమరావు ఫిల్టరు అడ్డమని ఊడదీశాడు. ఫ్యాను మూతి వీధివైపు తిప్పాడు. అంతే, కారం, పొగ, బూడిద కలిసి గేటు ముందు జీపు దిగుతున్న తెల్లచొక్కా ఆఫీసరు మీద పడ్డాయి.

ఆయన కళ్ళు మూసుకుని ఎర్రగా నిలబడ్డాడు. "లోపల దుమ్ముందా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"లేదండీ," అన్నాడు అంకమరావు. "ఉన్నదంతా తమరి మీదే ఉంది."

"ముందు నన్ను శుభ్రం చెయ్యండయ్యా."

ముగ్గురూ ఆయన్ని బోరింగు దగ్గర కూర్చోబెట్టి, రుద్ది రుద్ది తెల్లగా తేల్చారు. అంకమరావుకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే బెంగ పట్టుకుంది. ఇంత కష్టపడి కడిగిన మనిషి లోపలికెళ్ళి మాసిపోతే? శేషారత్నం వైపు చూశాడు. ఆవిడకి చెప్పకుండానే అర్థమైంది. ఇంకో ఫిల్టరు కవరు తెచ్చి ఆయనకి నెత్తి మీంచి భుజాల దాకా తొడిగింది. వీరాస్వామి పురికొసతో కట్టాడు.

"ఊపిరాడుతోందాండీ?" అని మర్యాదగా అడిగాడు.

ఆఫీసరు కవరు చించుకుని బయటపడి, మిల్లుకి తాళం వేసి జీపెక్కాడు. మస్తానయ్య గేటు దగ్గరే కూలబడ్డారు.

అంకమరావు ఆ తాళాన్ని చూస్తూ నిలబడ్డాడు. గోనెసంచులు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి. తాళం మాత్రం కొత్తది, మిలమిలలాడుతోంది.

"ఒరే వీరాసామీ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, "ఆ చిరిగిన కవరిటు తేరా. ఈ తాళమన్నా మాసిపోకుండా చూసుకుందాం."