నల్లరంగు పూసిన నాలుగు చుక్కలు

కాకినాడ సముద్రపు ఒడ్డున బయోచిప్‌లు తయారుచేసే చిన్న కార్ఖానాకు ఫణిభూషణం అనే యజమాని ఉండేవాడు. తన తప్పు చూపించింది మనిషైనా సరే, యంత్రమైనా సరే, ఆయన ఒక్క క్షణం ఓర్చుకునేవాడు కాదు. తను ఆలస్యంగా వచ్చాడని గడియారం చూపిస్తే, గోడ మీంచి గడియారమే తీయించేశాడు. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగానే తీయించాడు. ఆ మేకు ఇంకా అక్కడే ఉంది.

ఆ కార్ఖానాలో చేసే బయోచిప్ అంటే చిన్న గాజు పలక. సన్నటి సూదులున్న యంత్రం ఒకటి దాని మీద వంద చుక్కలు పెడుతుంది. ఒక్కో చుక్కా ఆవగింజలో పదోవంతు కూడా ఉండదు. రొయ్యల్ని చంపే తెల్లమచ్చల వైరస్‌ను పట్టుకునే పదార్థం ఆ చుక్కల్లో ఉంటుంది. రొయ్య గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే హేచరీల వాళ్లు తెచ్చిన పిల్లల్ని కొన్నింటిని నలిపి, వాటిలోంచి తీసిన సారానికి మెరిసే రంగు కలిపి పలక మీద పోస్తారు. వైరస్ ఉంటే చుక్కలకు అంటుకుంటుంది. తరవాత పలకను కడిగి ప్రత్యేకమైన దీపం కింద పెడితే, కంప్యూటర్ తెర మీద చుక్కలు ఆకుపచ్చగా వెలుగుతాయి. వైరస్ లేకపోతే తెరంతా చీకటి.

ఆ వందా కాక, నాలుగు మూలల్లో నాలుగు ఖాళీ చుక్కలు పెట్టేవారు. వాటిలో వైరస్‌ను పట్టుకునే పదార్థం ఉండదు. పలక మీద ఏం పోసినా అవి వెలగకూడదు. వెలిగాయంటే ఆ పలక అబద్ధం చెబుతోందన్నమాట. ఎనిమిదేళ్లుగా పలకలు కడిగి, తెర మీద చూసే పని సువర్చలది. ఆమె ముందు ఆ నాలుగు మూలలే చూసేది. అవి చీకటిగా ఉంటేనే మిగతా చుక్కల జోలికి వెళ్లేది.

ఆ యేడు ఒక నెల వాడి చూసి తీరమంతా ఈ చిప్‌లే వాడదామా అని రొయ్యల రైతుల సంఘం ఆలోచనలో పడింది. ఫణిభూషణానికి కాళ్లు నేల మీద నిలవలేదు. నెల తిరిగేసరికి అయిదువేల పలకలు కావాలన్నాడు. చుక్కలు పెట్టాక పలకల్ని పాల మాంసకృత్తుల నీళ్లలో గంటసేపు నానబెట్టాలి. అలా నానితేనే, రంగు అంటకూడని చోట అంటదు. ఆయన ఆ గంటను పది నిమిషాలు చేశాడు.

మర్నాడు సువర్చల తెర చూసి ఉలిక్కిపడింది. నాలుగు మూలల్లో నాలుగు ఖాళీ చుక్కలూ వెలుగుతున్నాయి.

"సార్, పలకలు నానలేదు. ఖాళీ చుక్కలు కూడా వెలుగుతున్నాయి. ఈ పెట్టెలన్నీ పారేయాలండీ," అంది.

ఫణిభూషణం గుడ్లురిమాడు. "ఆ చుక్కలు చూడమని నిన్నెవరు అడిగారు? వాటిలో ఏమీ లేదని నువ్వే చెబుతావు. ఏమీ లేనివాటి కోసం ఇన్ని పలకలు పారేయాలా? రిపోర్టులో ఆ నాలుగు మూలలకూ నల్లరంగు పడేలా కంప్యూటర్‌లో పెట్టు. పీడా పోతుంది!"

"అది కాదు సార్..."

"ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందా లేదా?"

సువర్చల కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు మూలలకూ నల్లరంగు పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి రిపోర్టూ చూడముచ్చటగా వచ్చేది. ఏం ముచ్చట! సాక్షి నోట్లో గుడ్డలు కుక్కి తీర్పు చదివినట్టుంది ఆ ముచ్చట.

వారం తిరక్కుండా ఉప్పాడ దగ్గర చిన్న హేచరీ నడిపే నూకరత్నం రొయ్య పిల్లలు పరీక్షకు వచ్చాయి. ఆమెకున్నవి రెండే ట్యాంకులు. మొదటి ట్యాంకు పిల్లల సారం పోయగానే వంద చుక్కలూ వెలిగాయి. 'వైరస్ ఉంది' అని రిపోర్టు వెళ్లింది. వైరస్ ఉన్న ట్యాంకులో బ్లీచింగ్ పోసి పిల్లల్ని చంపేయాలని సంఘం కట్టుబాటు. ఒక ట్యాంకు జబ్బు వంద చెరువులకు పాకుతుంది కాబట్టి కట్టుబాటు మంచిదే. కాకపోతే అది నిజం చెప్పే పలకల్ని నమ్మి పెట్టుకున్న కట్టుబాటు. నూకరత్నం తన చేత్తోనే బ్లీచింగ్ పోసింది. లక్షల పిల్లలు, కంటిరెప్ప వెంట్రుకలంతేసి పిల్లలు, గంటలో తెల్లగా అడుగుకు చేరాయి.

మూడు వారాల తరవాత రెండో ట్యాంకు రిపోర్టు వచ్చింది. అదీ 'వైరస్ ఉంది' అనే. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా బ్లీచింగ్ పోయాలని సంఘం కబురు పెట్టింది.

నూకరత్నం తెల్లటి బేసిన్‌లో నీళ్లూ, రొయ్య పిల్లలూ పట్టుకుని బస్సెక్కి కార్ఖానాకు వచ్చింది. ఫణిభూషణం బల్ల మీదే బేసిన్ పెట్టి చేత్తో నీళ్లు గిర్రున తిప్పింది.

"చూడండి బాబుగారూ! జబ్బు పిల్లలైతే నీళ్లు తిప్పగానే నడుమకు పోగుపడిపోతాయండి. ఇవి చూడండి, ఎదురీదుతున్నాయి. నడుమ ఒక్కటి లేదండి. ఇరవయ్యేళ్ల నుంచి ఈ పని చేస్తన్నాను, జబ్బు పిల్లల్ని ఎరగనా నేను?"

"నీ బేసిన్ చూసి నా యంత్రం తప్పంటావా?" అని ఫణిభూషణం పగలబడి నవ్వాడు. "చదువులేని వాళ్లతో ఇదే చిక్కు. వెళ్లి బ్లీచింగ్ పొయ్యి!"

నూకరత్నం బేసిన్ ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, సువర్చల దగ్గర ఆగింది.

"అమ్మాయిగారూ, ఆ పలకలు కడిగింది మీరంట కదా. మీరు చెప్పండమ్మా. నా పిల్లలకి జబ్బుందా?"

సువర్చల తల దించుకుంది. ఎనిమిదేళ్ల అనుభవం, చేతిలో నిజం, ఎదురుగా అడుగుతున్న మనిషి. అయినా తల దించుకుంది! నూకరత్నం గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం సువర్చల అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయింది.

శుక్రవారం పొద్దున సంఘం పెద్ద వీర్రాజుగారూ, పదిమంది రైతులూ చిప్ పనితనం చూడడానికి కార్ఖానాకు వచ్చారు. నూకరత్నం కూడా రొయ్య పిల్లల బేసిన్‌తో వచ్చి వెనక నిలబడింది. ఫణిభూషణం కొత్త చొక్కా వేసుకుని గంటసేపు తన గొప్ప తాను చెప్పుకున్నాడు. మధ్య మధ్య బల్ల మీది సీసాలో మంచినీళ్లు తాగాడు.

ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు నూకరత్నం అడిగింది. "బాబుగారూ, ఒక్క మాటండి. మీ పలక ఎప్పుడైనా ఎవరికైనా 'లేదు' అని చెప్పిందాండి?"

వీర్రాజుగారు చేతిలోని రిపోర్టుల కట్ట తిరగేశారు. నెల రోజుల రిపోర్టులు. ఉంది, ఉంది, ఉంది. ఒక్కదాంట్లోనూ 'లేదు' అని లేదు.

"జబ్బు అంతలా ముదిరింది మరి! అందుకే కదా నా చిప్ కావాలంటున్నాను," అన్నాడు ఫణిభూషణం.

నూకరత్నం ముందుకొచ్చి బల్ల మీది సీసా అందుకుంది. "అయితే ఈ నీళ్లు కూడా ఓసారి చూడండి. మీరు తాగే నీళ్లే కదండీ."

"పిచ్చి వేషాలా?" అని ఆయన లేచాడు.

"పిచ్చేముంది ఇందులో?" అన్నారు వీర్రాజుగారు. "మంచినీళ్లలో వైరస్ లేదని మీ చిప్ చెబితే మాకూ నమ్మకం కుదురుతుంది. పొయ్యమ్మా!"

సువర్చల సీసాలోని నీళ్లు తీసుకుంది. రొయ్య పిల్లల సారానికి ఏమేం చేస్తారో ఆ నీళ్లకూ అవన్నీ చేసింది. అదే రంగు కలిపింది. కొత్త పెట్టెలోని పలక మీదే పోసింది. ఒంటిగంటకు పలకను దీపం కింద పెట్టింది.

తెర మీద వంద చుక్కలూ దీపావళిలా వెలిగాయి. 'వైరస్ ఉంది' అని రాసింది కంప్యూటర్.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత గదిలో ఒక్కరూ నవ్వలేదు. ఆ పదిమందిలో నలుగురు ఈ నెలలోనే తమ ట్యాంకుల్లో బ్లీచింగ్ పోసుకున్నవాళ్లు.

ఫణిభూషణం ముఖం మాడిపోయింది. వెంటనే సువర్చల మీద విరుచుకుపడ్డాడు. "నువ్వే! నువ్వే సరిగ్గా కడగలేదు! ఎనిమిదేళ్ల నుంచి నా ఉప్పు తిని నన్నే నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?"

ఆ మాటకు సువర్చలకు కోపం రగిలింది. ఇన్నాళ్లూ దాచుకున్న భయమంతా ఆ మంటలో మాడి మసైపోయింది. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, నాలుగు మూలల నల్లరంగు తీసేసింది. నాలుగు ఖాళీ చుక్కలూ భగ్గుమన్నాయి.

"ఇవి ఎప్పుడూ వెలగకూడనివి," అంది. "నెల రోజులుగా వెలుగుతున్నాయి. పలక అబద్ధం చెబుతోందని మొత్తుకుంటున్నాయి. గంట నానాల్సిన పలకల్ని ఈయన పది నిమిషాలకే తీయించారు. ఈ చుక్కలు ఆ సంగతి చెబితే వీటి మీద నల్లరంగు పూయించారు. పూసింది నేనే. నూకరత్నంగారు నా ముఖం చూసి అడిగినా చెప్పలేదు. నాదీ తప్పే. కానీ ఆరింటికి ఆ రెండో ట్యాంకు మాత్రం చావడానికి వీల్లేదు!"

గంటసేపు నానిన పాత పలకలు బీరువాలో నాలుగు మిగిలి ఉన్నాయి. వీర్రాజుగారు దగ్గర కూర్చుని పరీక్ష మళ్లీ చేయించారు. భోజనానికి కూడా ఎవరూ కదల్లేదు. ఒక పలక మీద నూకరత్నం రెండో ట్యాంకు పిల్లల సారం పోశారు. రెండో దాని మీద ఎప్పుడో దాచిన జబ్బు రొయ్య సారం పోశారు. నాలుగున్నరకు తెర చూశారు. జబ్బు రొయ్య పలక మీద వంద చుక్కలూ వెలిగాయి, నాలుగు మూలలూ చీకటిగా ఉన్నాయి. నూకరత్నం పలక మీద ఎక్కడా ఒక్క చుక్క వెలగలేదు. అంత అందమైన చీకటిని సువర్చల ఎన్నడూ చూడలేదు.

వీర్రాజుగారు హేచరీకి ఫోన్ చేసి బ్లీచింగ్ బస్తాలు బయట పెట్టించారు. తరవాత ఫణిభూషణం వైపు తిరిగారు.

"మీ పలక మంచిదేనండీ. మంచిగా చేస్తే నిజమే చెబుతుంది. మీరే దాన్ని చెప్పనివ్వలేదు. ఇక మీ దగ్గర్నుంచి మాకు ఒక్క పలకా వద్దు."

"ఈసారి గంటసేపు నానబెడతాను! రెండు గంటలు నానబెడతాను!" అన్నాడు ఫణిభూషణం గుమ్మం దాకా వెంటపడి.

"నానబెట్టారని మీరు చెబితే నమ్మేదెవరు?" అన్నారు ఆయన వెనక్కి తిరక్కుండానే.

ఆ పెట్టెలు ఇప్పటికీ కార్ఖానాలోనే ఉన్నాయి, కొనేవాడు లేడు. సువర్చల సంఘం వాళ్లు పెట్టుకున్న పరీక్షా కేంద్రంలో చేరింది. మొదటి రోజునే నూకరత్నం దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. "నన్ను క్షమించండి," అంది.

నూకరత్నం చేతులు లాక్కోలేదు. అలాగని నవ్వలేదు కూడా. "రెండో ట్యాంకు నిలబెట్టావమ్మా, కాదనను. మొదటి ట్యాంకప్పుడే ఆ నోరు తెరిచి ఉంటే ఎంత బాగుండేది!" అంది.

సువర్చల ఆ మాటను ఎన్నడూ మరిచిపోలేదు. ఈ రోజుకీ ఆమె రిపోర్టుల్లో ఆ నాలుగు ఖాళీ చుక్కలకు నలుపు పూయరు, ఎర్రగా గీత గీసి మరీ చూపిస్తారు.

నీతి: మన తప్పు చూపించేవాళ్ల నోరు నొక్కేస్తే తప్పు పోదు, మన మాట మీద నమ్మకం పోతుంది, ఆ నోరు నొక్కడాన్ని చూస్తూ ఊరుకున్నవాళ్లకూ ఆ పాపంలో భాగం ఉంటుంది.