మంత్రి చెయ్యందని గీత

కంకవరం కాలువలో పడవ నడిపే నూకాలుకు ఒకరోజు నీటిమీద కొత్తరకం నాచు కనిపించింది. అది ఎన్ని బారలు పరుచుకుందో రోజూ కొలిచి, బారకు అంగుళం చొప్పున కచేరీ గోడమీద నేలనుంచి పైకి రోజుకో నిలువుగీత గీసింది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. కాలువ పూడితే పొలాలకు నీళ్లుండవు. అయిదోరోజున రాజుగారికి ఆ గోడ చూపించి, నాచు తీయడానికి వందమందిని అడిగింది.

"ఇంకా నా మోకాలి ఎత్తయినా రాలేదు. నెల తర్వాత చూద్దాం" అన్నాడు మంత్రి దండపాణి.

"ఎత్తు కాదు బాబూ, ఎలా ఎక్కుతోందో చూడండి. రేపటినుంచి మీరే గీయండి. మీ చెయ్యి అందని రోజున మనుషుల్నివ్వండి."

మంత్రి నవ్వి ఒప్పుకున్నాడు. ఆరోగీత తొడ దాటింది. ఏడోది గడ్డం దాకా వచ్చింది. ఎనిమిదోరోజున మునివేళ్లమీద లేచినా చెయ్యి అందలేదు.

"నిచ్చెన తెప్పించి గీస్తాను" అన్నాడు మంత్రి.

"ఇవాళ్టికి నిచ్చెన సరిపోతుంది బాబూ. రేపటి గీతకు ఈ గోడే చాలదు."

రాజుగారు గోడ ఎత్తు చూసి, ఆ క్షణమే వందమందిని పంపాడు. "ఇకమీదట కాలువ విషయంలో నూకాలు మాటే మా మాట" అన్నాడు. నూకాలు తలెత్తుకుని, ఆ వందమందికీ ముందు నడిచింది.