చలిగదిలో చిక్కిన ముఖం

గుంటూరులో శేషఫణి అనే ఇంజనీరు ఉండేవాడు. అతనికి ఎంత తెలివి ఉండేదో, ఎవరైనా ప్రశ్న అడిగితే అంత చిరాకు వచ్చేది.

ఒక వేసవిలో అతను హైమావతమ్మగారి మిరప కోల్డ్ స్టోరేజీ తలుపుకు లోపల ఒకటి, బయట ఒకటి కెమెరాలు బిగించాడు. ఇక ఎందుకని, లోపలి నుంచి తలుపు తీసే పాత గడియను పీకించేశాడు.

"ఇది రంగూ రూపూ చూడదమ్మా. ముఖంలోని వేడిని చూస్తుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఆ వేడి వేసే ముగ్గు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. చిమ్మచీకట్లోనైనా మనిషిని గుర్తుపట్టి తలుపు తీస్తుంది" అన్నాడు.

హైమావతమ్మకు భలే వింతగా తోచింది. "మరి లోపలి చలికి ముఖం చల్లబడితే, బాబూ?" అని అడిగింది.

"అవన్నీ మీకెందుకమ్మా? నేను పరీక్షించే తెచ్చాను" అని విసుక్కున్నాడు. పరీక్షించింది తన ఆఫీసు గదిలో.

బయటి కెమెరా గుర్తుపట్టి తలుపు తీయగానే ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు దానంతటదే మూసుకుంది. శేషఫణి బస్తాలు తట్టి చూస్తూ కెమెరా గొప్పలు చెబుతూనే ఉన్నాడు. చివరికి తలుపు దగ్గరికొచ్చి దర్జాగా నిలబడ్డాడు.

"మీరెవరో తెలియదు" అంది యంత్రం.

హైమావతమ్మను చూసి కూడా అదే మాట అంది. హమాలీలు భోజనాలకు వెళ్లారు. ఫోనుకు సిగ్నల్ లేదు. ఆ పెద్దావిడ గజగజ వణుకుతుంటే శేషఫణికి నిజంగానే భయం వేసింది. గబగబా అరచేతులు రుద్దుకుని ముఖానికి అద్దుకున్నాడు. అవి బస్తాలు తట్టిన చేతులు. మిరప ఘాటుకు ముఖం భగ్గుమంది, కళ్లు ధారలు కట్టాయి. యంత్రం మాత్రం అతన్ని ఎరగనే ఎరగనంది.

"ఇప్పుడైనా ఒకటి అడగొచ్చా, బాబూ? శాలువాలో ముఖం దాచుకుని ఊపిరి వదులుతుంటే కాస్త వేడెక్కుతుందేమో?" అంది హైమావతమ్మ.

శేషఫణి మొదటిసారి విసుక్కోలేదు. "నాకూ తెలియదమ్మా. చూద్దాం" అన్నాడు.

ఆమె శాలువా నిండా కప్పుకుని చాలాసేపు ఊపిరి వదిలింది. తర్వాత కెమెరా ముందు ముసుగు తీసింది.

"హైమావతమ్మగారూ, నమస్కారం" అంది యంత్రం. తలుపు తెరుచుకుంది.

శేషఫణి ముందుగా పాత గడియను మళ్లీ బిగించాడు. తర్వాత భోజనాల నుంచి వచ్చిన హమాలీలను కూర్చోబెట్టి, "ఈ కెమెరా గురించి మీకు ఏ అనుమానం ఉన్నా అడగండి" అన్నాడు. సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నారు. అతను చెబుతూనే ఉన్నాడు, తెలియనిచోట తెలియదనీ అన్నాడు.

నీతి: ప్రశ్నను కసిరి పంపేవాడు తన తలుపు తానే మూసుకుంటాడు.