చేతి చలవ

ఏటి రేవు పక్కన ఒక జ్వరాల ఇల్లు ఉండేది. అందులో పన్నెండు నులక మంచాలు, ఒక గంజి పొయ్యి, వాకిట్లో ఒక వాననీళ్ళ తొట్టి ఉండేవి. వాటన్నిటినీ చూసుకోవడానికి ఒకే ఒక్క మనిషి ఉండేది.

ఏరు దాటితే అడవి. అడవిలో మూడు రోజులు కొండ ఎక్కాలి. ఆ మూడు రోజుల్లో ఊరు తగలదు, పలకరించే మనిషి ఉండడు. ఒంట్లో జ్వరం పెట్టుకుని ఆ దారి పట్టినవాళ్ళు పైనున్న సంతకు చేరిన దాఖలా లేదు. అందుకే రేవులో ఒక కట్టుబాటు ఉండేది. బాటసారి ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే ముందు జ్వరాల ఇంట్లో పడుకోవాలి. పొద్దున్నే ఆమె వచ్చి నుదుటి మీద అరచెయ్యి పెడుతుంది. "ఉండు" అంటే ఉండాలి. "వెళ్ళు" అంటే పడవ ఎక్కొచ్చు. ఆమె వెళ్ళమనని మనిషిని, ఎంత గొప్పవాడైనా సరే, పడవవాడు ఎక్కించుకునేవాడు కాదు.

ఆ చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది. అది నుదుటి మీద పడగానే సగం బాధ తీరినట్టుండేదని చెప్పుకునేవారు. అందరూ ఆమెను చలవమ్మ అనేవారు. అసలు పేరేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే ఆమె కూడా కాసేపు ఆలోచించుకునేదేమో.

ఇరవై ఏళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆ సంగతి చలవమ్మకు తెలుసు. తెలియడమే కాదు, కాస్త ఎక్కువే తెలుసు. ఎవరైనా "నువ్వు తిన్నావా అమ్మా?" అంటే "ముందు నీ సంగతి చూసుకో" అనేది. పన్నెండు మందికీ గంజి పోశాక అడుగున మిగిలింది నిలబడే తాగేది. ఆ ఇంట్లో పదమూడో మంచం లేదు. గోడకు జారగిలబడి ఓ కునుకు తీసేది, అంతే. ఇదంతా త్యాగమని జనం మెచ్చుకునేవారు. నాకు మాత్రం అందులో కొంత మొండితనం కూడా కనిపిస్తుంది.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. ఒకరు లేచిన మంచం మీద ఇంకొకరు పడుకుంటున్నారు. వారం రోజులుగా చలవమ్మకు నడుము లాగుతోంది, నోరు చేదుగా ఉంది, గంజి సహించడం లేదు. పని ఎక్కువైందిలే అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఉప్పు మోసుకుపోయే ఒకతని నుదురు చూసి "తగ్గింది, వెళ్ళు" అంది. అతను అడుగులు తడబడుతూనే మూట భుజానికెత్తుకుని పడవ ఎక్కాడు. తడబాటు ఆమె కంట పడింది. కానీ చెయ్యి చెప్పింది కదా అని ఊరుకుంది.

మర్నాడు పొద్దున ఇంకా వింత జరిగింది. మొదటి మంచం దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగిలింది. రెండో మంచం దగ్గరా అంతే. మూడు, నాలుగు, అలా పన్నెండు మంచాలూ చూసింది. ఎక్కడా వేడి తగలలేదు. ఒక్క పూటలో ఇంతమందికీ జ్వరం దిగిపోయింది. చలవమ్మ కళ్ళు చెమర్చాయి. పడ్డ కష్టం ఊరికే పోలేదనుకుంది.

ఐదో మంచం మీద నులక పేనుకుని బతికే తాత ఒకాయన ఉన్నాడు. ఆయన లేవకుండా దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"నాకింకా ఒళ్ళు కాలుతున్నట్టే ఉంది తల్లీ. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి."

"అది నీరసం తాతా. జ్వరం కాదు."

"నీరసానికి పళ్ళు కొట్టుకుంటాయా?"

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాది. నా చేతికి తెలుస్తుందా, నీకు తెలుస్తుందా?"

తాత దుప్పటి మడిచాడు. తన ఒళ్ళు చెప్పేది పక్కన పెట్టి, ఆమె చెయ్యి చెప్పింది నమ్మాడు. కర్ర ఊతంగా పట్టుకుని రేవుకు నడిచాడు.

పడవలో ఒక్కసారికి ఆరుగురు పడతారు. మొదటి ఆరుగురితో, అందులో తాతతో, పడవ కదిలింది. మిగిలినవాళ్ళు మూటలు కట్టుకుంటూ రెండో విడత కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో కొండ మీది సంతకు పోయే గాజులావిడ ఒకామె ఉంది. జ్వరం వచ్చింది ఆమెకు కాదు, ఏడేళ్ళ కూతురికి. నాలుగు రోజులుగా ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. ఇప్పుడు తాడుకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని చలవమ్మ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా పిల్లను బతికించావు. నీ బోసి చేతులు చూడలేకపోతున్నాను. చేతికి రెండేసి తొడుగుతాను, కాదనకు."

"నాకెందుకు చెల్లీ? గలగలమంటే పడుకున్నవాళ్ళు ఉలిక్కిపడతారు."

"ఇప్పుడు పడుకున్నవాళ్ళు ఎవరున్నారు?"

చలవమ్మ ఖాళీ అయిన మంచాలవైపు చూసింది. చెయ్యి చాపింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఇంకొకరి నుదుటి మీదికే తప్ప ఇంకొకరి చేతుల్లోకి వెళ్ళలేదు.

గాజులావిడ పనే చేతులు పట్టుకోవడం. మెత్తగా నలుపుతుంది, బొటనవేలు లోపలికి మడుస్తుంది, గాజు చిట్లకుండా ఎక్కిస్తుంది. సంతరోజున యాభై చేతులు పట్టుకుంటుంది. పెళ్ళికూతురి చెయ్యేదో, కోతల్లో కాయలు కాసిన చెయ్యేదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చలవమ్మ చెయ్యి అందుకుని ఒకసారి నలిపి ఆగిపోయింది.

"అక్కా, ఈ చెయ్యి కాలిపోతోంది."

"నాకేం జ్వరం?" చలవమ్మ నవ్వి, రెండో అరచెయ్యి తన నుదుటి మీద పెట్టుకుంది. "ఇదిగో, ఏమీ లేదు. మామూలుగా ఉంది."

"కాలే చెయ్యి కాలే నుదుటి మీద పెట్టుకుంటే ఏం తెలుస్తుంది?"

చలవమ్మ నవ్వు సగంలో ఆగింది. గాజులావిడ ఆ మణికట్టు వదలకుండా వాకిట్లోకి తీసుకెళ్ళి వాననీళ్ళ తొట్టిలో ముంచింది. చర్మం జివ్వుమనేదాకా అలాగే ఉంచి, తుడిచి, తీసుకొచ్చి కూతురి నుదుటి మీద పెట్టింది.

పిల్ల నుదురు పెనంలా ఉంది.

"నాకూ పొద్దున వేడిగానే తగిలింది," అంది గాజులావిడ నెమ్మదిగా. "నువ్వు తగ్గిందన్నావు కదా అక్కా. నా చేతిదే తప్పనుకున్నాను."

చలవమ్మ రేవుకు పరుగెత్తింది. పడవ అప్పటికి సగం ఏరు దాటింది.

"వెనక్కి తిప్పు," అని కేక వేసింది.

పడవవాడు తెడ్డు ఆపాడు. "ఎందుకమ్మా? నువ్వే కదా వెళ్ళమన్నావు?"

వాన వచ్చేలా ఉంది అనొచ్చు. ఏరు పొంగుతోంది అనొచ్చు. అలాంటి మాటలు చలవమ్మ నోటిదాకా వచ్చాయి. ఏ ఒక్కటి అన్నా పడవ తిరిగి వచ్చేదే, పేరు నిలిచేదే. రేపటినుంచి ఆ చేతిని మళ్ళీ అలాగే నమ్మేవాళ్ళు. ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది.

"నేను తప్పు చూశాను. నాకు జ్వరం."

ఏటి హోరులో అతనికి వినపడలేదు. "ఏంటమ్మా?"

"నాకు జ్వరం వచ్చింది," అని రెండోసారి గట్టిగా చెప్పింది. గట్టుకు వచ్చి మెట్టు మీద కూలబడింది. వారం రోజులుగా లోపలే తొక్కిపెట్టిన వణుకంతా అప్పుడు బయటికి వచ్చింది.

పడవ తిరిగింది. పన్నెండు మందీ ఎవరి మంచం మీదికి వాళ్ళు చేరారు. అప్పుడుగానీ చలవమ్మను ఎక్కడ పడుకోబెట్టాలన్న ప్రశ్న రాలేదు. అందరూ ముఖముఖాలు చూసుకుంటుంటే గాజులావిడ కూతురు గోడవైపు జరిగింది.

"ఇటు రా," అంది.

ఆరు రోజులు చలవమ్మ ఆ పిల్ల పక్కనే పడుకుంది. గాజులావిడ నుదుళ్ళు చూసింది, పడవవాడి పెళ్ళాం గంజి కాచింది. గంజిలో ఉప్పు ఎక్కువైంది, ఎవరికీ ఏమీ కాలేదు. తను లేకపోతే ఆ ఇల్లు ఒక్క పూట కూడా నడవదని చలవమ్మ ఇన్నేళ్ళూ గట్టిగా నమ్మింది. అది నడుస్తుంటే పడుకుని చూడటం ఆమెకు మొదట అవమానంగా అనిపించింది. మూడో రోజుకు ఏడుపొచ్చింది. నాలుగో రోజు ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

తాత జ్వరం తగ్గాక ఊరికే కూర్చోలేదు. నులక పేని, రేవులో పడున్న చెక్కలు బిగించి, ఒక మంచం అల్లాడు.

"ఎవరికి తాతా ఇది?" అని అడిగింది చలవమ్మ.

"నా ఒళ్ళు అబద్ధమాడుతోందన్న ఒకావిడ ఉంది. ఆవిడకి."

ఉప్పు మోసే అతని కోసం పడవవాడి తమ్ముడు అడవంతా గాలించాడు. దారిలో ఉప్పు మూట కనిపించింది, వానకు సగం కరిగిపోయి. మనిషి దొరకలేదు. చలవమ్మ ఈ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరినీ ఓదార్చనివ్వలేదు. రోజూ పొద్దున అవతలి గట్టువైపు ఒకసారి చూసేది. తర్వాత పనిలోకి దిగేది.

దిగే పద్ధతి మాత్రం మారింది. ఎవరి నుదురూ ముట్టుకోకముందు, మంచం మీదున్న ఎవరో ఒకరి ముందు తల వంచేది. "నా నుదురు చూసి చెప్పు" అనేది.

"జ్వరం మనిషిని, నాకేం తెలుస్తుందమ్మా?" అనేవారు కొత్తవాళ్ళు.

"చల్లగా తగిలితే నేను బాగున్నట్టు, నువ్వింకా ఉండాల్సినట్టు. తేడా తెలియకపోతే మనిద్దరం ఒకటే. అప్పుడు ఇంకో చెయ్యి కావాలి."

వెచ్చగా ఉందని ఎవరైనా అన్న రోజున సాయానికి రేవులోకి కబురు పెట్టి, పదమూడో మంచం వాల్చుకుని పడుకునేది. గాజులావిడ వెళ్ళేముందు తొడిగిన గాజులు మళ్ళీ తియ్యలేదు. వాటి చప్పుడుకు ఎవరూ ఉలిక్కిపడలేదు. చలవమ్మ వస్తోందని తెలిసేది, అంతే.

కొన్నేళ్ళకు కింది పట్నం నుంచి ఒకావిడ బండి కట్టించుకుని వచ్చింది. ఆమెదీ ఇదే పని. చాలా పేరున్న మనిషి. దిగీ దిగగానే, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మా దగ్గర నలభై మంచాలు. అన్నీ నేనొక్కదాన్నే చూస్తాను. ఈమధ్య నా చేతికి ఎవరి జ్వరమూ అంతుపట్టడం లేదు. నీ దగ్గర ఏదో విద్య ఉందటగా. నేర్పు. సాయంత్రానికి నేను తిరిగి వెళ్ళిపోవాలి."

"భోంచేశావా?"

"అవన్నీ తర్వాత. అక్కడ నలభై మంది నా కోసం చూస్తుంటారు."

చలవమ్మ ఆమె ముందు కూర్చుని తల వంచింది. "నా నుదురు చూసి చెప్పు."

తనకు పరీక్ష పెడుతోందనుకుంది ఆవిడ. అరచెయ్యి ఆనించింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో వెలుగొచ్చింది.

"చల్లగా ఉంది," అంది ధీమాగా. "చాలా చల్లగా ఉంది. ఇంత చల్లని నుదురు నేను ఎక్కడా చూడలేదు."

చలవమ్మ లేచి వెళ్ళి, గోడకు నిలబెట్టిన పదమూడో మంచం తెచ్చి వాల్చింది. దాని మీద ఉతికిన దుప్పటి పరిచింది.

"ఇది ఎవరికి?" అంది ఆవిడ, ఇంకా నిలబడే.

"ఇటు రా," అంది చలవమ్మ.