చిమ్మిలి చేసిన చేయి

అనగా అనగా, పొద్దెంత అయిందో కోడిని అడిగి తెలుసుకునే కాలంలో, మేడలపట్నం అని ఒక పట్నం ఉండేది. పేరుకు తగ్గట్టు అక్కడ ఎటు చూసినా మేడలే. ఆ మేడల్లో ఉండేవాళ్ల తలలు కూడా కాస్త పైకే ఉండేవి.

దసరా వచ్చిందంటే ఆ పట్నంలో ఇంటింటా బొమ్మల కొలువు పెట్టేవారు. మెట్లు కట్టి, తెల్లటి బట్ట పరిచి, ఉన్న బొమ్మలన్నీ పేర్చేవారు. అయితే మరే ఊళ్లోనూ లేని ఆచారం ఒకటి అక్కడ ఉండేది. కింది మెట్టు మీద ఆ ఏడు ఇంట్లో చేసిన బొమ్మ ఒకటి ఉండాలి. పేరంటానికి వచ్చినవాళ్లకు ఆ ఇంటి పిండివంటే పెట్టాలి. ఆకులో పెట్టి ఇస్తూ ఇల్లాలు, "ఇది ఫలానావారి చేయి" అని చేసినవాళ్ల పేరు చెప్పాలి. తిన్నవాళ్లు, "ఆ చేయి చల్లగా ఉండాలి" అని దీవించాలి.

దీన్ని చేతి పేరు చెప్పడం అనేవారు. వండినవాళ్లు ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండిపోతారు కదా, వాళ్లకు దక్కేది ఆ దీవెన ఒక్కటే. అందుకే ఆ పేరు మార్చి చెప్పడం పాపమని పెద్దలు అనేవారు. పాపమని తెలిసిన పనులు మనుషులు మానేస్తే ఇంక కథలెక్కడివి పిల్లలూ?

ఆ పట్నంలో రంగనాయకులు అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. ఏటిగడ్డ అనే పల్లె నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, కష్టపడి దుకాణం పెట్టి, ఆ మధ్యనే మేడ కట్టాడు. అతని భార్య కనకాంగి. తల్లి నాంచారమ్మ.

కనకాంగి చెడ్డది కాదు. అత్తగారికి వేళకు వేడినీళ్లు పెట్టేది, వేళకు అన్నం పెట్టేది. కానీ నాంచారమ్మ కట్టేది ముతక నేతచీర, మాట్లాడేది పల్లె మాట, అదీ వీధి చివరకు వినపడేంత గట్టిగా. నలుగురిలో "మా అత్తగారు" అని చెప్పాల్సి వస్తే కనకాంగి గొంతు లోపలికి పోయేది.

ఆ ఏడు దసరాకు నాంచారమ్మ నల్ల నువ్వులు వేయించి, పాత బెల్లం వేసి రోట్లో దంచి, చిటికెడు శొంఠి కలిపి చిమ్మిలి ఉండలు చేసింది. ఆమె అత్తగారు ఆమెకు నేర్పిన వంట అది. పాత చీరల పీలికలతో ఒక గుడ్డబొమ్మ కూడా కుట్టి, చిన్న బట్టలో చుట్టి కోడలి చేతికిచ్చింది.

"సూడవే అమ్మాయీ, ఎట్టా ఉందో సెప్పు," అంది సంబరంగా.

కనకాంగికి చుట్టలోంచి ఒక పీలిక కాలు మాత్రం కనపడింది. "తర్వాత చూస్తాను అత్తయ్యా," అని తీసుకెళ్లి వడ్లగంపలో దోపింది. నల్లటి ఉండలు, పీలికల బొమ్మ! మంత్రిగారి భార్య పళ్ల సందున నల్లనువ్వు ఇరుక్కుంటే ఎంత నామోషీ! అనుకుని, అంగడి నుంచి కజ్జికాయలు తెప్పించింది. చందనపు బొమ్మ ఒకటి కొని కింది మెట్టు మీద పెట్టింది.

మొదటి పేరంటానికి మంత్రిగారి భార్య కుముదవల్లి వచ్చింది. కజ్జికాయ కొరికి, "ఎవరి చేయమ్మా?" అని అడిగింది.

"నా... నా చేయేనండి," అంది కనకాంగి.

"నీ చేయి చల్లగా ఉండాలి!"

ఆ మాట వినగానే కనకాంగికి సిగ్గేసింది. పిండి ముట్టని చేయి అది. ఆ చేతిని గబుక్కున కొంగు చాటున దాచుకుంది. కాసేపటికి, ఇంత చిన్న అబద్ధానికే ఏమవుతుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

మర్నాడు చెప్పాపెట్టకుండా కోశాధికారి భార్య చంపకాంబ దిగింది. కజ్జికాయలు అయిపోయాయి. అంగడికి మనిషిని పంపే వ్యవధి లేదు. కనకాంగి గుడ్లప్పగించి నిలబడితే, లోపలి నుంచి నాంచారమ్మ ఆకులో చిమ్మిలి ఉండలు పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది.

చంపకాంబ ఒక ఉండ తింది. వెంటనే ఇంకొకటి తింది. "అబ్బ! చిన్నప్పుడెప్పుడో తిన్నాను ఇలాంటిది. ఎవరి చేయమ్మా ఇది?" అంటూ ముసలామె వంక చూసింది. నాంచారమ్మ గోళ్లలో నువ్వుపిండి ఇంకా అలాగే ఉంది.

మా అత్తగారి చేయి. అంతే కదా చెప్పాల్సింది! చంపకాంబ కట్టుకున్న జరీచీర చూసింది కనకాంగి. అత్తగారి ముతకచీర చూసింది. ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"మా వంటమనిషి చేయండి," అంది.

"ఆ చేయి చల్లగా ఉండాలి. అదృష్టవంతురాలివి, మంచి వంటమనిషి దొరికింది," అంది చంపకాంబ.

నాంచారమ్మ కోడలి వంక ఒక్కసారి చూసింది. వీధి చివరకు వినపడే ఆ గొంతు అప్పుడు పెదవి దాటలేదు. వంగి, వంటమనిషి ఎలా తీస్తుందో అలాగే, అతిథి తిన్న ఎంగిలాకు తీసి లోపలికి వెళ్లిపోయింది.

కనకాంగికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట ముద్ద దిగలేదు. అత్తగారు ఎదురుపడితే పక్క గదిలోకి తప్పుకుంది. క్షమించమని అడగాలనే ఉంది. కానీ అలా అడగాలంటే ముందు తానేం చేసిందో తన నోటితోనే చెప్పాలి. ఆ నోరు పెగలడం లేదు. నాంచారమ్మ మాత్రం ఏమీ జరగనట్టే, "అన్నం తిన్నావటే అమ్మాయీ?" అని పెరట్లోంచి అడిగింది. తిట్టినా బాగుండేదనిపించింది కనకాంగికి.

ఇంతలో చిమ్మిలి మాట చంపకాంబ నోట కోటలోకి పోయింది. ప్రతి దసరాకు రాణిగారు ఒక ఇంటికి పేరంటానికి వస్తారు. ఆ ఇంట్లో వండిన చేతితోనే, ఆ ఇంటి బొమ్మనే కోట కొలువులో ఆఖరి బొమ్మగా పెట్టిస్తారు. అంతకు మించిన గౌరవం ఆ పట్నంలో లేదు. ఈసారి రంగనాయకులు ఇంటికే కబురు వచ్చింది. "రేపు సాయంత్రం రాణిగారు చిమ్మిలి తింటారట. చేసిన చేతిని చూస్తారట."

రంగనాయకులు ఆనందం పట్టలేక వీధంతా తిరిగాడు. కనకాంగికి కాళ్లూ చేతులూ ఆడలేదు. వంటమనిషి అని భర్త ముందే అత్తగారిని ఎలా చూపిస్తుంది? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. చిమ్మిలి తనే చేసి, తన చేయే అని చెబితే సరి! వంటమనిషి అన్నది ఏదో మొహమాటానికని చంపకాంబకు సర్దిచెప్పవచ్చు. అప్పుడు రాణిగారి ముందు అబద్ధమూ ఉండదు, పరువూ ఉంటుంది.

తెల్లారగానే పొయ్యి రాజేసింది. మొదటిసారి నువ్వులు వేగాక మూకుడులోనే వదిలేసింది. ఆ వేడికే అవి మాడి చేదెక్కాయి. రెండోసారి నువ్వులు నలగకముందే బెల్లం వేసింది. అది పాకంలా రోకలికి అంటుకుని ఊడి రాలేదు. మూడోసారి నువ్వులు మూకుడులో పోసేసరికి ఏడుపొచ్చేసింది.

అప్పుడు వెనక నుంచి ఒక చేయి వచ్చి గరిటె అందుకుంది. నాంచారమ్మ నువ్వులు చిటపటలాడగానే చేటలోకి తీసి ఆరబెట్టింది. ముందు నువ్వులు దంచింది, నూనె ఊరాక బెల్లం కలిపింది. ఉండలు చుట్టి పళ్లెంలో పేర్చి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నా సెయ్యని సెప్పకులే తల్లీ," అంది. "నీ సెయ్యనే సెప్పు. పట్నంలో నువ్వు తలెత్తుకు తిరగాల. నాదేముంది, ఏటిగడ్డ ముసలిదాన్ని."

అని పెరట్లోకి వెళ్లి, ఎవరికీ కనపడకుండా గోడవారగా కూర్చుంది.

కనకాంగికి భూమి నోరు తెరిస్తే అందులో దూరిపోదామనిపించింది. కాని సాయంత్రానికల్లా కొలువు సిద్ధం కావాలి. రాణిగారి ముందు కొన్న బొమ్మ పెట్టడానికి మనసొప్పలేదు. వడ్లగంపలో చెయ్యి పెట్టి గుడ్డబొమ్మను బయటికి తీసింది. అప్పుడు మొదటిసారి ఆ చుట్ట విప్పింది.

బొమ్మ కట్టుకున్నది తన పెళ్లి చీర అంచు. చిరిగిందని తనే పారేసిన ముక్క. ముక్కుకు తన ముక్కుపుడక లాగే ఒక ఎర్రపూస. గడ్డం మీద నల్లదారంతో ఒక చిన్న కుట్టు. తన పుట్టుమచ్చ! రెండు చేతులూ ముందుకు చాచి ఎవరికో పళ్లెం అందిస్తున్నట్టుంది ఆ బొమ్మ.

అత్తగారు కుట్టింది తననే. ఆ పీలికల కాలు చూసి సిగ్గుపడి గంపలో దోపింది తననే. కనకాంగి బొమ్మను గుండెకు హత్తుకుని, వడ్లగంప పక్కన కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి, చందనపు బొమ్మ తీసేసి, దాన్నే కింది మెట్టు మీద పెట్టింది.

సాయంత్రం రాణిగారు వచ్చారు. వెంట కుముదవల్లి, చంపకాంబ, ఇంకా వీధిలోని ఇల్లాళ్లందరూ వచ్చారు. రాణిగారు చిమ్మిలి ఉండ నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా తిన్నారు.

"ఎవరి చేయమ్మా ఇది?"

రంగనాయకులు భార్య వంక గర్వంగా చూశాడు. కనకాంగి ముఖం ఎర్రబడింది, చెవులు వేడెక్కాయి. చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మా అత్తగారి చేయి తల్లీ," అంది. ఈసారి గొంతు లోపలికి పోలేదు. "నా పాపం కూడా వినండి. కుముదవల్లిగారికి అంగడి కజ్జికాయ పెట్టి నా చేయని చెప్పాను. చంపకాంబగారి ముందు మా అత్తగారినే వంటమనిషిని చేశాను. ఆవిడ చెయ్యి నాదని మీకూ చెప్పాలనుకున్నాను. అలాగే చెప్పమని ఆవిడే అంది. అది మరీ సిగ్గుచేటుగా ఉంది నాకు."

రంగనాయకులు తల వంచుకున్నాడు. కన్నతల్లిని పెరటికి వదిలేసినవాళ్లలో తనూ ఉన్నాడు కదా! చంపకాంబ, "ఎంగిలాకు నేనావిడ చేత తీయించానే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కుముదవల్లి కాసేపు గాజులు సవరించుకుంది. చివరికి, "ఆ కజ్జికాయ కొరకగానే పోల్చుకున్నానమ్మా," అంది చిన్న గొంతుతో. "నేను మా ఇంట్లో పెట్టినవీ ఆ అంగడివే." ఆ మాటకు వెనక నిలబడ్డ ఇల్లాళ్లలో చాలామంది నేలచూపులు చూశారు. ఆ ఏడు మేడలపట్నంలో దీవెనలు ఏ అంగడికి పోయాయో ఆ దేవుడికే తెలియాలి.

కనకాంగి పెరట్లోకి వెళ్లి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నాంచారమ్మ కంగారు పడిపోయింది.

"అయ్యో, నాదేం లేదు తల్లీ. మా అమ్మాయే సేసింది. నేను పక్కన కూకున్నానంతే!"

"ఇంక చాలు అత్తయ్యా," అని కనకాంగి ఆమె కాళ్ల మీద పడింది.

రాణిగారు ఆ నువ్వుపిండి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "ఆ చేయి చల్లగా ఉండాలి," అన్నారు. ఇల్లాళ్లందరూ ఆ మాటే అన్నారు. కనకాంగి కూడా అనబోయింది. అనలేక అత్తగారి కొంగులో ముఖం దాచుకుంది.

మర్నాడు కోటలో నిండు కొలువు. ఆఖరి బొమ్మ పెట్టడానికి నాంచారమ్మ ముతక నేతచీరతోనే వచ్చింది. పై మెట్టు అందలేదు. కనకాంగి ఆమెను నడుం పట్టి లేపింది. నాంచారమ్మ గుడ్డబొమ్మను పెట్టి, దాని చీర కుచ్చెళ్లు సర్ది, ముక్కుపుడక సరిచేసింది.

"బొమ్మ ముచ్చటగా ఉంది. ఎవరమ్మా ఈమె?" అని అడిగారు రాణిగారు.

నాంచారమ్మ వెనక్కి తిరిగి, అంత సభలో, కోట గుమ్మం దాకా వినపడేంత గట్టిగా చెప్పింది.

"మా కోడలు!"

ఎంత సంబరంగా చెప్పిందో! "మా అత్తగారు" అన్న మాట అంత గట్టిగా తానెన్నడూ అనలేదని కనకాంగికి గుర్తొచ్చింది. అత్తగారి నడుం పట్టుకున్న చేతులు వదలకుండానే తల దించుకుంది.

అందుకే పిల్లలూ, మనకు వండిపెట్టిన చేతిని చూసి ఎన్నడూ సిగ్గుపడకూడదు, ఆ చేతి పేరు చెప్పలేకపోయినందుకే సిగ్గుపడాలి.