తన వంట తను తినని పేరిందేవి

అనగనగా, ఏటి అవతలి ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో, పొయ్యి ఆరని ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటాయన పేరు కామేశం. పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ, వ్రతాలకీ వంట ఆయనదే. కామేశం ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కుని మరీ ముహూర్తాలు పెట్టుకునేవాళ్ళు. దుప్పటి సరిగ్గా కప్పుకో ముందు. కాళ్ళు బయట పెట్టావంటే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆయనకి ఒక్కతే కూతురు. పేరిందేవి. నవ్వకు, ఆ పేరుకేం తక్కువ? ఊళ్ళో పిల్లలందరూ బొమ్మల పెళ్ళి చేస్తుంటే ఈ పిల్ల ఆ పెళ్ళికి వంట చేసేది. ఇసకతో అన్నం, చింతాకుతో పప్పు, కొబ్బరి చిప్పలో పాయసం. ఎవరడిగినా ఒకటే మాట చెప్పేది, నాన్న తర్వాత గరిట నేనే పట్టుకుంటాను అని.

అంతా బాగానే ఉంది కానీ, ఆ పిల్ల మీద కడుపే పగబట్టింది. తిన్నది ఒంటబట్టేది కాదు. పొట్ట ఉబ్బేది, మెలిపెట్టేసేది, పెరట్లోకి పరుగులే పరుగులు. బడిలో కూర్చుంటే భయం, బండెక్కితే భయం. మెడ సన్నగా, చేతులు పుల్లల్లా ఉండేవి. ఊరందరికీ వండిపెట్టే ఇంట్లో పిల్లేమిటి ఇలా ఉంది అని చూసినవాళ్ళల్లా అనేవాళ్ళు. వాళ్ళ నోళ్ళకేం, ఊరికే ఉండవుగా.

అప్పుడు వాళ్ళమ్మ మాణిక్యాంబ, అన్నం అరగడం లేదేమోనని అన్నం మాన్పించి బ్రెడ్డూ పాలూ పెట్టింది. నొప్పి ఇంకాస్త ఎక్కువైంది. ఆ తర్వాత, వేడి చేసిందేమోనని బార్లీ నీళ్ళు కాచి చల్లార్చి తాగించింది. ఇంకా ఎక్కువైంది. ఆ తర్వాత, శనివారం రాత్రిళ్ళు ఒంటిపూట ఉంటే కడుపు తేలికపడుతుందని చపాతీలు పెట్టింది. పిల్ల ఆదివారమంతా మంచం మీదే.

ఆ తల్లిని ఏమీ అనకు. మంచిదనుకున్నదే పెట్టింది పాపం. ఏ తల్లయినా అంతే పెడుతుంది.

చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ నెత్తురు పరీక్ష చేయించింది, గొట్టం వేసి కడుపు లోపల చూసింది, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "గోధుమలో, బార్లీలో ఒక జిగురు ఉంటుందమ్మా. గ్లూటెన్ అంటారు. అది నీ పేగులకి పడదు. రవ్వంత కూడా పడదు. దీనికి మందు లేదు, మానెయ్యడమే మందు. ఎప్పటికీ మానెయ్యాలి."

నీకు పాలు పడవు చూడు, తాగితే పొట్ట గుడగుడలాడుతుంది, ఇదీ అలాంటిదే, కాకపోతే ఇంకా గట్టిది.

కామేశం హమ్మయ్య అనుకున్నాడు. అన్నం తినేవాళ్ళం, గోధుమ మానడం ఎంత పని అనుకున్నాడు. బ్రెడ్డు మానేశారు, బార్లీ మానేశారు, చపాతీ మానేశారు. పిల్ల కొంచెం తేరుకుంది. కానీ నాలుగు రోజులు బాగుంటే ఐదో రోజు మళ్ళీ అదే నొప్పి. అన్నం, చారు, వంకాయ కూర తిన్నా నొప్పే. ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు కామేశం పెళ్ళి వంటకి సరుకులు కొనడానికి పట్నం వెళ్తూ కూతుర్ని కూడా తీసుకెళ్ళాడు. ఇంగువ దుకాణంలో కొట్టు యజమాని వెనకవైపు కూర్చుని ఇంగువ పిసుకుతున్నాడు. పక్కన ఒక పళ్ళెంలో తెల్లటి పిండి. పేరిందేవి అక్కడే నిలబడిపోయింది.

"అదేం పిండండీ?" అని అడిగింది.

"మైదా అమ్మా. ఉత్త ఇంగువ బంక ఘాటు ఎవరు తట్టుకుంటారు? పిండి కలిపితేనే తినేటట్టు ఉంటుంది" అన్నాడాయన.

మైదా అంటే గోధుమ పిండేనని కామేశానికి అప్పుడు తట్టింది. చారులో ఇంగువ, పప్పులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, ఆవకాయలో ఇంగువ. తన చేతి ఇంగువ పోపు ఘుమఘుమలాడుతుందని ఊళ్ళన్నీ చెప్పుకునేవి. ఆ పోపే ఇన్నాళ్ళూ పిల్ల కడుపులో చిచ్చుపెట్టింది. దారంతా ఆయన కూతురి మొహం వంక చూడలేకపోయాడు. ఆ పిల్లే నాన్న చెయ్యి పట్టుకుని, "దొరికింది కదా నాన్నా, ఇంక పోనీలే" అంది.

ఇంటికొచ్చాక ఆ పిల్ల వంటింట్లో ఒక మూల తనదని గీత గీసింది. తన మూకుడు, తన గరిట, తన నూనె వేరు. పూరీలు వేయించిన నూనెలో తన గారెలు వేయనిచ్చేది కాదు. ఎవరైనా చాదస్తం అంటే, "దేవుడి వంటకి గిన్నెలు వేరుగా పెట్టుకోరా? నా కడుపుకీ అలాగే ఒక మడి ఉంది" అనేది.

ఆ తర్వాత మెల్లగా బుగ్గలు నిండాయి, జడ బారెడైంది. పూర్తిగా నయమైపోయిందా అంటే, లేదు. ఒక్కోరోజు ఏ కారణమూ లేకుండా పొట్ట మొరాయించేది. అప్పుడు గంజి తాగి పడుకునేది, మర్నాడు లేచి పనిలో పడేది. అది పోయే జబ్బు కాదు, దానితో కలిసి బతకాల్సిన జబ్బు. ఆ సంగతి ఆ పిల్ల అందరికంటే ముందు అర్థం చేసుకుంది.

నిద్రపోతున్నావా? ఊఁ కొట్టు మరి. అసలు కథ ఇప్పుడే వస్తోంది.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. అందరి భోజనాలూ అయ్యాక, వంట చేసినవాళ్ళని చివరి బంతిలో కూర్చోబెట్టి, ఇంటి పెద్దావిడ తన చేత్తో తీపి పెడుతుంది. అందరూ చూస్తుండగా అది తినాలి. తింటే వంట మనసుపెట్టి చేసినట్టు. అప్పుడే తాంబూలం ఇచ్చి, మళ్ళీ మా ఇంటికి రావాలి అంటారు. తినకపోతే వంటలో ఏదో లోపం ఉన్నట్టే. అలాంటి వంటవాళ్ళని ఇంకెవరూ గడప తొక్కనివ్వరు.

పేరిందేవి పెద్దదై నాన్నతో వంటలకి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిసారి ఒక సీమంతం. పెద్దావిడ చేతిలో బొబ్బట్టు పెట్టింది. పేరిందేవి నాన్న మొహం చూసి, కాదనలేక తినేసింది. వారం రోజులు మంచం దిగలేదు.

రెండోసారి ఒక గృహప్రవేశం. ఈసారి గోధుమ హల్వా. నోట్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని ఓణీ కొంగులో దాచేసింది. లేచేటప్పుడు అది జారి అందరి ముందూ నేల మీద పడింది. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. తను వండింది తను తినదట, మనకి మాత్రం పెడుతుందట అనుకున్నారు. ఆ మాట ఏరు దాటి అవతలి ఊరికి కూడా వెళ్ళింది. పిలుపులు తగ్గిపోయాయి. కామేశం ఇంటి పొయ్యి మొదటిసారి ఆరింది.

మూడోసారి రాయుడుగారింట్లో వ్రతం. ఆ ఇల్లు పిలిస్తే ఊరంతా పిలిచినట్టే. తీరా ముందురోజు కామేశం నూతి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇంక గరిట పట్టాల్సింది పేరిందేవి ఒక్కతే. ఈ ఒక్క వంట కుదిరితే గరిట ఆమెది, లేకపోతే కామేశం ఇంట వంటపని అక్కడితో సరి.

బయల్దేరేటప్పుడు కామేశం కూతుర్ని పక్కకి పిలిచి, "ఒక్క ముద్దేనమ్మా, కళ్ళు మూసుకుని మింగెయ్యి" అన్నాడు.

"నీకది ఒక్క ముద్దే నాన్నా. నాకు వారం రోజుల మంచం" అంది పేరిందేవి. అని నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

వ్రతం ప్రసాదమంటే ఏమిటో తెలుసుగా, గోధుమ రవ్వే. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది, పొడి ఎగిరి లోపలికి పోకుండా. బొబ్బట్ల పిండి కలపడం అమ్మకి అప్పగించింది. రవ్వ మాత్రం తనే వేయించింది. దేవుడికి పెట్టేది కాబట్టి ముందు ఎవరూ రుచి చూడకూడదు, వంటవాళ్ళు కూడా. అందుకని చిన్నప్పట్నుంచి నాన్న పక్కన నిలబడి చూసి నేర్చుకున్నట్టే వండింది. రవ్వ ముందు బరువుగా కదుల్తుంది, వేగాక ఇసకలా జలజలా జారుతుంది. ఆ జారడం చూసి దించింది, పాకం తీగ చూసి కలిపింది.

ప్రసాదం పంచారు. తిన్నవాళ్ళు మళ్ళీ చెయ్యి చాపారు. బంతి మీద బంతి లేచింది. మారు వడ్డించమన్నవాళ్ళే అందరూ.

అప్పుడు చివరి బంతి వేశారు. రాయుడుగారి తల్లి నరసాయమ్మగారు, ముసలావిడ, ఎవరికీ నవ్వు మొహం చూపించని మనిషి, ప్రసాదం తెచ్చి పేరిందేవి చేతిలో పెట్టింది. జనం చుట్టూ మూగారు. మాణిక్యాంబ స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. వెనకాలే వచ్చి చేరిన కామేశం కట్టుకట్టిన చేతిని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

పేరిందేవి ప్రసాదం రెండు కళ్ళకీ అద్దుకుంది. అద్దుకుని, పక్కనున్న పళ్ళెంలో భద్రంగా పెట్టింది.

"అమ్మగారూ, నాకు గోధుమ పడదు. తింటే నా పేగులు పాడైపోతాయి. ఒకసారి మొహమాటానికి తిన్నాను, ఒకసారి సిగ్గుపడి దాచాను. ఈసారి చెప్పేస్తున్నాను. వంటలో లోపముంటే తిన్నవాళ్ళు చెప్పండి, గరిట ఇక్కడే పెట్టి వెళ్ళిపోతాను. లోపం లేకపోతే నా కడుపుతో నా వంటని కొలవకండి" అంది.

అందరూ నరసాయమ్మగారి వంకే చూశారు. ప్రసాదం వద్దన్న మనిషిని ఆవిడ ఏమంటుందోనని ఇంకాస్త ముందుకి జరిగారు.

నరసాయమ్మగారు, "పొద్దుట్నుంచి నువ్వేం తిన్నావే పిల్లా?" అని అడిగింది.

"ఏమీ తినలేదమ్మగారూ. ఇవాళ ఇక్కడ అన్ని గిన్నెల్లోనూ పిండి పడింది."

అంతే, ఆవిడ మొహం నల్లబడింది. "ఊరందరికీ పెట్టి, వండిన పిల్లని పస్తుంచిందా నా ఇల్లు?" అంది. కోపం పేరిందేవి మీద కాదు, తన ఇంటి మీద.

ఆవిడ లోపలికి వెళ్ళింది. తన గదిలో పెట్టెలోంచి ఎన్నడూ వాడని కొత్త గిన్నె తీసింది. కొంగు దోపుకుని పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. కోడళ్ళు పరిగెత్తుకొస్తే, మీ చేతులకి పిండి ఉంది, దూరంగా ఉండండి అంది. బియ్యం కడిగింది, పప్పు కడిగింది. ప్రతిదీ వేసేముందు వెనక్కి తిరిగి, "ఇది పడుతుందా అమ్మా? ఇది?" అని అడిగింది. ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి, ఆ పిల్లని అడిగి అడిగి వండింది.

అన్నం ఉడికేదాకా ఒక్కళ్ళు కూడా ఇంటికి పోలేదు. భోజనాలైపోయిన ఊరంతా, వండిన మనిషి భోంచెయ్యాలని నిలబడింది. ఆవిడ కొత్త విస్తరి వేసి, వేడన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి పోసి, తినమ్మా అంది. పేరిందేవి కడుపునిండా తింది. తింటుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు కూడా.

కామేశం ఎడం చేత్తోనే మీసం దువ్వుకుని, పక్కవాడితో, "నా కూతురు" అన్నాడు. వాడికి తెలీదా ఏమిటి? అయినా అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

నరసాయమ్మగారు తాంబూలం ఇచ్చి, "మళ్ళీ మా ఇంటికి రావాలి. వచ్చినప్పుడు ముందు నీ పొయ్యి వెలిగిస్తాను, తర్వాతే ఊరి పొయ్యి" అంది. అప్పట్నుంచి ఆ ఊళ్ళో ఏ శుభకార్యానికైనా, వంటవాళ్ళు గడప తొక్కగానే ఇంటివాళ్ళు మొట్టమొదట అడిగే మాట ఒకటే, మీకేం పడుతుందమ్మా అని. ఇప్పటికీ అంతే.

వేడన్నం ఉడికింది, విస్తరి నిండింది,
పేరిందమ్మ ఆకలి చల్లగా తీరింది,
కంచి దారి పట్టి కథేమో నడిచింది,
మనింటి మంచమ్మీద నిద్రొచ్చి వాలింది.